ఆయన పోయారు, నాకెందుకు ఇంత బాధ?

గూగ్లీ_గిరి
2022 మార్చి 4 సాయంత్రం. పని ముగించుకుని ఫోన్ తీస్తే ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ పోయాడని వార్త. ముందు నమ్మలేదు. ఆ రోజు పొద్దున్నే ఆస్ట్రేలియా పాత వికెట్ కీపర్ రాడ్ మార్ష్ పోతే, వార్న్ సంతాపం తెలుపుతూ పోస్ట్ పెట్టాడు. ఆ పోస్ట్ నేను చదివాను కూడా. సంతాపం చెప్పిన మనిషికే రోజు తిరక్కుండా సంతాపాలు. థాయ్‌లాండ్‌లో సెలవులకి వెళ్లి, 52 ఏళ్లకే.

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికి వచ్చేసరికి కళ్లు చూసి మా ఆవిడ పట్టేసింది. "మీ మేనమామ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదండీ" అంది. నిజమే. మామయ్య నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. వార్న్‌కి నేనొకడిని ఉన్నానని కూడా తెలియదు.

అప్పటి నుంచి ఇంట్లో అదో జోక్. ఎవరు పోయినా "నాన్నా, కుళాయి తిప్పమంటావా?" అంటాడు మా పెద్దోడు. నాలో ఏదైనా తేడా ఉందా, లేక మీకూ ఇలా అవుతుందా? ఇన్నేళ్లకి అడగాలనిపించింది.

పాతరీలు
టైటిల్ చూసి గుండె ఆగినంత పనైంది. ఎవరు పోయారోనని ముందు వార్తలన్నీ తిరగేసి అప్పుడు లోపలికొచ్చా. టైటిల్ మార్చండి మహాప్రభో.

ఆఖరిబెంచి
నేనూ అంతే. నాకైతే ముగ్గురు పెద్ద హీరోల మొహాలు కళ్ల ముందు తిరిగాయి. పేర్లు చెప్పను, అపశకునం.

గూగ్లీ_గిరి
సారీ అండీ. ఎడిట్ ఎక్కడుందో కనిపించట్లేదు.

నిమ్మళం
తేడా ఏం లేదు గిరి గారూ. దీనికి పేరు కూడా ఉంది, పారాసోషల్ బంధం అంటారు. ఒకవైపు నుంచే నడిచే పరిచయం అన్నమాట. టీవీలు ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో, 1956లో, డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు దీని గురించి రాశారు. తెర మీద మనిషి రోజూ మన ముందుకొచ్చి మనతోనే మాట్లాడినట్టుంటే, మనసు అతన్ని తెలిసినవాళ్ల లెక్కలో వేసేసుకుంటుంది. ఆ మనిషికి మనం తెలుసా లేదా అన్నది మనసు పట్టించుకోదు.

మీ మామయ్యని ఏడాదికి ఎన్నిసార్లు చూసేవారు? వార్న్‌ని ఎన్నిసార్లు చూశారు? లెక్క వేసుకోండి.

గూగ్లీ_గిరి
లెక్క వేస్తే మామయ్య పరువు పోతుంది, వదిలేయండి.

కవర్‌డ్రైవ్
నా మాట వినండి. మీరు ఏడ్చింది వార్న్ కోసం కాదు. 1993 జూన్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ మైక్ గ్యాటింగ్‌కి వార్న్ వేసిన బంతి చూసి నోరెళ్లబెట్టిన పిల్లాడి కోసం. బంతి లెగ్ స్టంప్ అవతల పడి ఆఫ్ స్టంప్ పైభాగం తాకడం, గ్యాటింగ్ అక్కడే నిలబడిపోవడం. అది చూసినప్పుడు మీ వయసెంత? ఆ వయసు పోయింది, ఆ సంగతి ఆ రోజు మీకు గుర్తొచ్చింది. ఎవరు పోయినా మనం మనకోసమే ఏడుస్తాం.

లక్ష్మీ_ఎల్బీడబ్ల్యూ
+1. మా నాన్న కూడా ఇదే చెప్పేవాడు.

గూగ్లీ_గిరి
కవర్‌డ్రైవ్ బ్రో, ఈ మాట చాలామంది చెప్పారు. ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. నా చిన్నతనం పోయి ముప్ఫై ఏళ్లయింది, దానికోసం ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఆ రోజు నేను అనుకున్నది ఒక్కటే: ఆ మనిషి ఇంకో ఇరవై ఏళ్లు కామెంటరీ బాక్సులో కూర్చుని, తర్వాతి బంతి ఏం పడబోతోందో ముందే చెప్పాల్సింది. ఎవరికైనా లెగ్ స్పిన్ నేర్పుతూ ఉండాల్సింది. పోయింది అతనిది, నాది కాదు.

ఇమోలా_94
గిరి గారి వైపే నా ఓటు. కారణం చెప్తాను.

నేను పుట్టింది 1999లో. ఫార్ములా వన్ (ఎఫ్‌వన్) కార్ల రేసుల్లో బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా పోయింది 1994 మే 1న. అంటే నేను పుట్టడానికి అయిదేళ్ల ముందే. అతన్ని లైవ్‌లో ఒక్క ల్యాప్ కూడా చూడలేదు. నా చిన్నతనంలో అతను లేడు. అయినా పాత వీడియోల్లో వానలో అతను తోలే తీరు చూసి పిచ్చెక్కి, ఒకటొకటిగా రేసులన్నీ చూస్తూ 1994 సీజన్ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అతను పోయిన ఇమోలా రేసు పెట్టలేక రెండు వారాలు పట్టింది. ఏం జరుగుతుందో తెలుసు కదా. చివరికి పెట్టాను, అతని కారు గోడకి గుద్దుకున్న టాంబురెల్లో మలుపు రాకముందే ఆపేశాను. ఇప్పటికీ ముందుకి జరపలేదు. ఇందులో నా బాల్యం ఎక్కడుంది కవర్‌డ్రైవ్ అన్నా?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ముందు రోజు, ఏప్రిల్ 30న, అదే ట్రాక్ మీద క్వాలిఫైయింగ్‌లో ఇంకో డ్రైవర్ చనిపోయాడు. రోలాండ్ రాట్జెన్‌బర్గర్, ఆస్ట్రియా మనిషి, 33 ఏళ్లు. ఎఫ్‌వన్‌లో అతను పూర్తి చేసింది ఒక్క రేసు, అందులో 11వ స్థానం. సెన్నా కారు నలిగిపోయాక లోపల ఒక ఆస్ట్రియా జెండా దొరికింది. ఆ రోజు తన రేసు రోలాండ్‌కి అంకితం ఇవ్వాలనుకున్నాడని అంటారు. సెన్నా అంత్యక్రియలకి ఎఫ్‌వన్ లోకమంతా బ్రెజిల్ వెళ్తే, కార్ల రేసుల ప్రపంచ సంఘం ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ మాత్రం రాట్జెన్‌బర్గర్ అంత్యక్రియలకి వెళ్లాడు.

సెన్నా పేరు చెప్పినప్పుడల్లా ఈ రెండో పేరు కూడా చెప్పాలని నాకు నేను పెట్టుకున్న రూలు. అందుకే ఇంత పొడుగు.

ఆఖరిబెంచి
ఆ జెండా సంగతి నాకు తెలియదు. కాసేపు ఏం టైప్ చేయాలో తోచలేదు.

కవర్‌డ్రైవ్
సరే ఇమోలా, నీ కేసులో నా సిద్ధాంతం పనిచేయలేదు, ఒప్పుకుంటున్నా. గిరి గారి విషయంలో మాత్రం తగ్గేది లేదు.

కుండబద్దలు
ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్తున్నా. మీ అందరిదీ "చచ్చినవాడి కళ్లు చారెడు" బాపతు. బతికున్నన్నాళ్లూ తిట్టినవాళ్లే, పోయిన మర్నాడు దేవుణ్ని చేసేస్తారు. వార్న్ 2003 ప్రపంచకప్‌కి ముందు నిషేధిత మందు వాడి దొరికాడు, ఏడాది ఆడనివ్వలేదు. ఆ మాట ఇక్కడ ఒక్కరైనా అన్నారా? అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా 2020 నవంబర్‌లో పోయినప్పుడూ ఇదే తంతు. 1991లో కొకైన్ దొరికి 15 నెలల నిషేధం, 1994 ప్రపంచకప్ మధ్యలో డోపింగ్‌లో పట్టుబడి ఇంటికి. చేత్తో గోల్ కొట్టి దేవుడి చెయ్యి అన్నాడు. అన్నీ మాయం. పోతే కడిగేసినట్టేనా?

పదో_నంబర్
కడిగేసిందెవరు బాబూ? మారడోనా అభిమానిని ఎవరినైనా అడుగు, ఆ చేతి గోల్ తేదీతో సహా చెప్తాడు. 1986 జూన్ 22. నాలుగు నిమిషాల తర్వాత సగం మైదానం దాటుకుంటూ ఇంగ్లండ్ వాళ్లందరినీ తప్పించి కొట్టిన రెండో గోల్ కూడా అదే మ్యాచ్‌లోది. రెండూ అతనివే, రెండిటినీ కలిపే గుర్తు పెట్టుకుంటాం. అతను ఆడిన ఇటలీ ఊరు నేపుల్స్‌లో స్టేడియానికి అతని పేరు పెట్టినవాళ్లకి అతని చెడు మనకంటే బాగా తెలుసు. వాళ్ల మధ్యే కదా ఏడేళ్లు బతికింది.

ఆఖరిబెంచి
మధ్యలో ఒక ముక్క. మారడోనా పోయిన నవంబర్ 25నే, 2005లో ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ కూడా పోయాడు. ఆటలోనూ తాగుడులోనూ ఒకే స్కూలు. తేదీ కూడా పంచుకున్నారు.

కుండబద్దలు
పదో_నంబర్, అభిమానులకి తెలుసు, ఒప్పుకుంటా. నా గొడవ మొదటి మూడు రోజుల రాతలతో. అందులో ఒక్క నిజం ఉండదు.

పాతరీలు
ఆ రాతల సంగతి నన్నడగండి. "దిగ్భ్రాంతికి గురయ్యాను" అనే మాట తెలుగులో సంతాపాలకి తప్ప ఇంకెక్కడైనా వాడగా చూశారా? కరెంటు బిల్లు చూసి ఎవరైనా దిగ్భ్రాంతికి గురవుతారా? తర్వాత "ఒక శకం ముగిసింది". మూడోది "తీరని లోటు". తొంభై ఏళ్లు నిండి హాయిగా వెళ్లిపోయిన నటుడికీ అదే దిగ్భ్రాంతి, ముప్ఫై ఏళ్లకి యాక్సిడెంట్‌లో పోయిన కుర్రాడికీ అదే దిగ్భ్రాంతి. ఒక పెద్దాయన స్టేటస్‌లో పేరు మార్చడం మర్చిపోయి నిరుడు పోయినాయనకే మళ్లీ ఆత్మశాంతి కోరాడు.

లక్ష్మీ_ఎల్బీడబ్ల్యూ
😂😂 అది మా బాబాయి అయ్యుంటాడు.

పాతరీలు
ఇంకా ఘోరం, బతికున్నవాళ్లని ముందే పంపించేయడం. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు పోయారని ఫార్వర్డ్‌లు తిరిగితే, పాపం ఆ వయసులో ఆయనే వీడియోలో కనిపించి నేను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత రెండేళ్లకి పైగా ఉన్నారు. 2025 జులై 13న నిజంగానే పోయినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన "మళ్లీ అబద్ధమేమో" అని. ముందు పంపాలన్న ఆత్రం కొద్దీ, నిజమైన రోజున బాధపడే వీలు కూడా లేకుండా చేశారు.

లక్ష్మీ_ఎల్బీడబ్ల్యూ
పైన మా నాన్న సంగతి ఒక ముక్కలో అనేసి వెళ్లాను. పూర్తిగా చెప్తా.

నాన్న అక్కినేని వీరాభిమాని. 2014 జనవరిలో నాన్నకి ఒంట్లో బాగాలేదు, మంచం మీదే. 22న నాగేశ్వరరావు గారు పోయారు. నాన్నకి చెప్పొద్దనుకున్నాం. పేపర్ దాచేశాం, వచ్చిన చుట్టాలకి గుమ్మంలోనే చెప్పి లోపలికి పంపాం. టీవీ రిమోట్ మాత్రం మర్చిపోయాం. మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్తే నాన్న పాట చూస్తున్నాడు. ఛానల్ మార్చాడు, అక్కడా ఆయనే. ఇంకోటి మార్చాడు, అక్కడా ఆయనే. నా వైపు తిరిగి, "ఇన్ని ఛానళ్లకి ఒకేసారి ఆయన గుర్తొచ్చాడంటే అయిపోయిందన్నమాట" అన్నాడు. ఏడవలేదు. "వాల్యూం పెంచు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన గురించే మాట్లాడాడు. తనకి క్యాన్సర్ అని నాగేశ్వరరావు గారు 2013 అక్టోబర్‌లో విలేకరులని పిలిచి తనే చెప్పారు గుర్తుందా, ఆ రోజు నాన్న పేపర్ కటింగ్ తీసి పెట్టుకున్నాడట. మాకెవరికీ తెలియదు. జబ్బుతో ఉండే ఆఖరి సినిమాకి తన డబ్బింగ్ తనే చెప్పుకున్నారు. ఆ సినిమా మేలో వచ్చింది. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. తెర మీద ఆయన కనిపించగానే నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఇంటర్వెల్ దాకా వదల్లేదు.

మరుసటేడు నాన్న పోయాడు. ఇప్పుడు టీవీలో ఆయన కనిపిస్తే ఇద్దరూ గుర్తొస్తారు. కవర్‌డ్రైవ్ గారన్నది నిజమో, గిరి గారన్నది నిజమో నాకు విడదీయడం రాదు.

గూగ్లీ_గిరి
లక్ష్మి గారూ, కుళాయి తిప్పాను.

నిమ్మళం
"వాల్యూం పెంచు". 🙏

కుండబద్దలు
ఇంక నేను గొడవ పెట్టుకోను ఈ థ్రెడ్‌లో. కాసేపటిదాకా.

థర్డ్‌మ్యాన్
ఆటగాళ్లని గుర్తుపెట్టుకోవడంలో నాకు బాగా నచ్చింది ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూజ్ విషయం. 2014 నవంబర్ 25న సిడ్నీలో బౌన్సర్ మెడకి తగిలింది, 27న పోయాడు. ఇంకో మూడు రోజుల్లో 26వ పుట్టినరోజు. అప్పటికి అతని స్కోరు 63. స్కోర్‌కార్డులో రిటైర్డ్ హర్ట్ (దెబ్బ తగిలి ఆట వదిలాడు) అని ఉన్నదాన్ని తర్వాత 63 నాటౌట్ అని మార్చారు. దిగ్భ్రాంతి లేదు, శకం లేదు. ఒక్క పదం దిద్దారు. దేశదేశాల్లో జనం బ్యాట్లు తీసి గుమ్మాల ముందు ఆనించి ఫొటోలు పెట్టారు. నేనూ పెట్టాను, ప్లాస్టిక్ బ్యాటే ఉంది ఇంట్లో, అదే పెట్టాను. తర్వాతి నెల అడిలైడ్‌లో మన వాళ్లతో టెస్టు, ఆస్ట్రేలియా ఆటగాళ్ల చొక్కాల మీద 408, అది హ్యూజ్ టెస్ట్ క్యాప్ నంబరు, అంటే ఆస్ట్రేలియాకి టెస్టులాడిన 408వ ఆటగాడు. ఓపెనర్ డేవిడ్ వార్నర్ 63 దగ్గర ఆగి ఆకాశం వైపు బ్యాటెత్తాడు.

ఇమోలా రెండో పేరు రూలు చెప్పాడు కదా, ఇక్కడా ఒక రెండో పేరుంది. ఆ బంతి వేసిన షాన్ అబాట్. అతనికి అప్పుడు 22 ఏళ్లు. ఏ తప్పూ లేదు, అందరూ వేసే బంతే. రెండు వారాలకి అదే మైదానంలో మళ్లీ బంతి పట్టి, ఆ మ్యాచ్‌లో 14 పరుగులకి 6 వికెట్లు తీశాడు. పరుగు మొదలుపెట్టిన మొదటి అడుగు ఎలా వేశాడో నాకు ఊహకందదు.

ఇమోలా_94
అబాట్ పేరు నా లిస్టులోకి.

మూడోఆట
నాది కొంచెం సిగ్గుపడే విషయం. బ్లాక్ పాంథర్ హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో కొన్ని వీడియోల్లో బాగా చిక్కిపోయి కనిపించాడు. జనం ఎగతాళి చేశారు, సూపర్‌హీరో ఇలా పుల్లలా అయ్యాడేంటని. ఒక మీమ్‌కి నేనూ లైక్ కొట్టాను. నవ్వాను కూడా. ఆగస్టు 28న పోయాడు, 43 ఏళ్లు. 2016లోనే పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసిందట. బయటికి చెప్పకుండా, చికిత్సల మధ్యలో ఆ సినిమాలన్నీ చేశాడు. వార్త చదివి ఆ మీమ్ దగ్గరికి వెళ్లి లైక్ తీసేశాను. ఎవరికి తెలుస్తుంది, ఎవరికి ఉపయోగం? అయినా తీసేశాను.

పదో_నంబర్
లైక్ తీయడానికి వెనక్కి వెళ్లినవాళ్లు నీతో కలిపి ఎంతమంది ఉంటారంటావ్. వదిలెయ్ బ్రో.

మూడోఆట
వదల్లేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నా.

నిమ్మళం
గంభీరమైన మాట ఒకటి, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఆత్మహత్య చేసుకున్న నటుల గురించి ఈ థ్రెడ్‌లో రాయాలనిపిస్తే దయచేసి ఎలా చేసుకున్నారన్నది రాయకండి. 2014 ఆగస్టులో హాలీవుడ్ హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ పోయాక, ఆ ఏడాది చివరిదాకా అమెరికాలో ఆత్మహత్యలు మామూలు అంచనాకంటే దాదాపు 10 శాతం పెరిగాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అభిమానం బలమైనది. అతని నవ్వు గురించి ఎంతైనా రాయండి. ఈ థ్రెడ్ చదువుతున్న ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ఇంట్లోవాళ్లకో డాక్టర్‌కో చెప్పండి, లేదా నాకు మెసేజ్ పెట్టండి, అర్ధరాత్రైనా పర్లేదు.

ఆఖరిబెంచి
మంచి పని చేశారు నిమ్మళం గారూ.

హాకీకర్ర
అందరూ పోయాక ఏం చేశారో చెప్తున్నారు. పోకముందు సంగతేంటి? ధ్యాన్‌చంద్ మూడు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చాడు, 1928, 32, 36. ఆఖరి రోజుల్లో డబ్బుకి ఇబ్బందిపడి, ఢిల్లీ ఆస్పత్రిలో జనరల్ వార్డులో ఉన్నాడు. 1979 డిసెంబర్ 3న పోయాడు. ఇప్పుడు ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడా దినోత్సవం, స్టేడియానికి ఆయన పేరు, అతి పెద్ద క్రీడా పురస్కారానికి ఆయన పేరు. అన్నీ మంచివే. కానీ ఆగస్టు 29న దండలు చూసినప్పుడల్లా నాకు ఆ వార్డే గుర్తొస్తుంది. గిరి గారి కన్నీళ్లు తప్పనను. మీకు ఇష్టమైన ఆటగాడెవరైనా మంచం పట్టి ఉంటే, ఉన్నప్పుడే ఒక ఉత్తరం రాయండి. నేను ఒకాయనకి రాశాను. ఆయన జవాబు రాశాడు, చేతిరాత వణుకుతూ ఉంది. పేరు చెప్పను.

కుండబద్దలు
ఇది కావాలి. ఇలాంటి పోస్టులకి నా గొడవ లేదు.

పాతరీలు
పోయాక కూడా పనికొచ్చేది ఒకటి చెప్తా. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న పోయాడు, 46 ఏళ్లు. ఆయన రెండు కళ్లతో డాక్టర్లు నలుగురికి చూపు తెప్పించారు, ఒక్కో కార్నియాని (కంటి ముందుండే పారదర్శక భాగం) పొరలుగా విడదీసి. వాళ్ల నాన్న రాజ్‌కుమార్ గారు కూడా 2006లో కళ్లు ఇచ్చే వెళ్లారు. పునీత్ పోయాక కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు ఇచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోయారు. నేను కన్నడ సినిమాలు పెద్దగా చూడను. అయినా ఆ వారంలో ఫారం నింపాను.

కవర్‌డ్రైవ్
నేను కూడా నింపుతా. సిద్ధాంతాల కంటే అదే నయం.

పదో_నంబర్
అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ గురించి ఎవరూ రాయలేదు. 2020 జనవరి 25 రాత్రి ఇంకో ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కెరీర్ మొత్తం పాయింట్లలో తనని దాటితే, కోబీ అభినందిస్తూ పోస్ట్ పెట్టాడు. మర్నాడు హెలికాప్టర్ కూలి, పదమూడేళ్ల కూతురితో సహా తొమ్మిదిమంది. ఆ రోజు మ్యాచ్‌ల్లో కొన్ని జట్లు ఆడకుండా 24 సెకన్లు బంతి పట్టుకుని నిలబడి, ఆలోపు షాట్ వేయాలన్న రూలుని కావాలనే తప్పాయి, అతని జెర్సీ నంబర్ 24 కాబట్టి. గిరి గారి వార్న్ కూడా ఆఖరుగా ఇంకొకరి గురించే రాశాడు కదా, అందుకు గుర్తొచ్చింది.

గూగ్లీ_గిరి
అవును. ఇద్దరూ ఆఖరి మాట వేరేవాళ్లకే ఇచ్చి వెళ్లారు.

ఇంట్లో అప్‌డేట్: ఈ థ్రెడ్ మా ఆవిడకి చదివి వినిపించాను. లక్ష్మి గారి నాన్నగారి దగ్గర ఆపమంది. కాసేపటికి వచ్చి, "శ్రీదేవి పోయిన రోజు నేనూ వంటింట్లో ఏడ్చాను, నువ్వు నవ్వుతావని చెప్పలేదు" అంది. 2018 నాటి మాట! ఇన్నేళ్లూ దాచి నన్ను ఏడిపించింది.

లక్ష్మీ_ఎల్బీడబ్ల్యూ
మీ పెద్దోడికి చెప్పారా?

గూగ్లీ_గిరి
చెప్పాను. "ఇంట్లో రెండు కుళాయిలు ఉన్నాయి, పర్లేదు" అన్నాడు.

సైలెంట్‌రీడర్
ఇప్పుడే లాగిన్ అయ్యా. అయ్యో, ఎవరు పోయారు???

పాతరీలు
మోడరేటర్ గారూ, చేతులెత్తి మొక్కుతున్నా, ఆ టైటిల్!